పాఠానికి ఒకటి, థీసిస్‌కి ఇంకొకటి: డిజిటల్ బొమ్మల సేకరణల్లో ఏది ఎంచుకోవాలి?

రేపటి క్లాసుకి బొమ్మ కావాలంటే స్టాఫ్ రూముల్లో జరిగేది ఒకటే. గూగుల్‌లో పేరు కొట్టడం, ఇమేజెస్ నొక్కడం, కంటికి నచ్చినదాని మీద రైట్ క్లిక్. పీపీటీ రెడీ. ఆ బొమ్మ ఎక్కడిది, ఎవరు తీశారు, ఏ ఏడాదిది అని పిల్లలు అడగరు కాబట్టి బండి నడిచిపోతోంది. వైవాలో ఎగ్జామినర్ మాత్రం అడుగుతారు.

విశాఖలో చరిత్ర, ఫైన్ ఆర్ట్స్, జాగ్రఫీ, జువాలజీ చెప్పేవాళ్లకీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) చుట్టుపక్కల పరిశోధన చేసుకునేవాళ్లకీ పనికొచ్చేలా ఈ పోలిక రాస్తున్నాను. చాలామంది వేసే మొదటి ప్రశ్న "ఎందులో ఎక్కువ బొమ్మలున్నాయి సార్?" అని. లక్షలు, కోట్లు అని ప్రతి పోర్టలూ చెప్పుకుంటుంది. మీకు కావలసింది ఒక్క బొమ్మ, దాని కింద నమ్మదగిన నాలుగు ముక్కలు. ఫిషింగ్ హార్బర్‌లో చేప కొనేవాడు సైజు చూసి మురిసిపోడు, ముందు మొప్ప ఎత్తి చూస్తాడు. బొమ్మకి ఆ మొప్ప దాని వివరాల పేజీ.

వివరాల పేజీ ఏం చెబుతుందో అమరావతి శిల్పాలతోనే చూద్దాం. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్లో అమరావతి అని వెతికితే వచ్చే ఫలకాల్లో ఒకటి రెండు వైపులా చెక్కినది. దాని రిజిస్ట్రేషన్ నంబరు 1880,0709.79. మామూలుగా చూస్తే అదొక అంకెల వరస. విడదీసి చదివితే 1880వ సంవత్సరం, ఏడో నెల, తొమ్మిదో తేదీ, ఆ రోజు నమోదైనవాటిలో 79వ వస్తువు. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించింది 1845లో. ఆ రాళ్లు మద్రాసులో ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. అక్కడ చేరింది ఇండియా మ్యూజియంకి. దాన్ని ఎత్తేశాక 1880లో బ్రిటిష్ మ్యూజియంకి వచ్చాయి. ఇంత ప్రయాణం ఆ నంబరు మొదటి నాలుగంకెల వెనక ఉంది. వీటిని ఇలియట్ మార్బుల్స్ (పాలరాళ్లు) అంటారు కదా, మెటీరియల్ అన్నచోట చూస్తే సున్నపురాయి అని ఉంటుంది. ఇదే ఫలకం ఫోటో పింటరెస్ట్‌లోనూ దొరుకుతుంది, ఇంకా తళతళలాడుతూ. నంబరూ ఉండదు, రాయి పేరూ ఉండదు. క్లాసులో అరగంట చెప్పుకోగలిగిన పాఠం అక్కడ గోడకి తగిలించే క్యాలెండర్ బొమ్మగా మిగిలిపోతుంది.

అందుకే సేకరణని ఎంచుకునే ముందు, బొమ్మతో మీరు ఏం చేయబోతున్నారో తేల్చుకోండి. తెర మీద చూపించి వదిలేస్తారా, అచ్చు వేస్తారా, దాన్నే సాక్ష్యంగా పెట్టి వాదిస్తారా? ఈ మూడింటికీ ఒకే చోట దొరికేది తక్కువ.

తెర మీద చూపించడానికే అయితే

ఇక్కడ పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ ఒక కృతిని తిరిగి ముద్రించుకోవడానికి వీలిస్తుంది. ప్రొజెక్టర్ మీద చూపించడానికి మూడు వేల పిక్సెళ్లు కూడా అవసరం లేదు. జూమ్ చేసి శిల్పంలోని ఆభరణాలు, చీర కుచ్చిళ్లు చూపించాలంటే గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ బాగుంటుంది. కానీ అక్కడి బొమ్మలు చూడ్డానికే తప్ప డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఇవ్వరు. క్లాసు మధ్యలో నెట్ పోయిందంటే ఇక అంతే సంగతులు. నెట్ ఉన్న గదిలో అయితే సరే, మిగతాచోట్ల దిగుమతి చేసుకునే వీలున్న సేకరణే మేలు.

స్కూలు టీచర్లకైతే ముందు ప్రభుత్వ పాఠాల పోర్టల్ దీక్ష. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ దగ్గర్నుంచే మొదలవుతుంది, సిలబస్‌కి తగ్గట్టు ఉంటుంది. కాకపోతే అక్కడ ఉన్నది పాఠానికి వండి వడ్డించిన సామగ్రి. మూల చిత్రం, దాని తేదీ, దాని కథ కావాలంటే బయటికి రావాల్సిందే.

అచ్చుకి, థీసిస్‌కి

థీసిస్ అంటే బైండింగ్ చేసి లైబ్రరీలో పెట్టేది అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడది మన దేశపు థీసిస్‌ల ఆన్‌లైన్ భండారం శోధ్‌గంగలోకి వెళ్తుంది, ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూస్తారు. అంటే మీ బొమ్మ ప్రచురణ అయినట్టే. తరగతి గది మినహాయింపు అక్కడ గొడుగు పట్టదు. విమర్శ కోసం, పరిశోధన కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చన్న నిబంధన చట్టంలో వేరే ఉంది. కానీ దాని మీద వాదించుకునే కంటే, లైసెన్సు స్పష్టంగా రాసి ఉన్న బొమ్మని తీసుకోవడం సుఖం.

ఈ విషయంలో మ్యూజియంలన్నీ ఒకటి కావు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో, క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019 జనవరిలో, స్మిత్సోనియన్ 2020 ఫిబ్రవరిలో తమ దగ్గర హక్కుల చిక్కు లేని బొమ్మలకి సీసీ జీరో (హక్కులన్నీ వదులుకున్నామని చెప్పే లైసెన్సు) ఇచ్చాయి. అనుమతి అడగనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు, రేపు మీ థీసిస్ పుస్తకంగా వచ్చి అమ్ముడైనా ఇబ్బంది లేదు. బ్రిటిష్ మ్యూజియం బొమ్మలకి, పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చినా అదే లైసెన్సుతో పంచాలి అనే సీసీ బై ఎన్‌సీ ఎస్‌ఏ వర్తిస్తుంది. థీసిస్‌కి సరే, పేరు చెప్పి వాడుకోవచ్చు. అదే పుస్తకం ఒక ప్రచురణకర్త వేసి వెల పెట్టి అమ్మితే మళ్లీ అనుమతి కోసం రాయాలి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం షరతులు ఇంకో రకం. వాడే ముందు వాటి పేజీ ఒకసారి చదవండి.

కాబట్టి ఒకే రకం వస్తువు రెండు మ్యూజియంలలోనూ ఉంటే, వాదనకి తేడా రానంతవరకూ, నా ఓటు మెట్రోపాలిటన్‌కే. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు, కలంకారీ మీద పనిచేసేవాళ్లకి ఇది నేరుగా పనికొస్తుంది. ఇక విశాఖకే ప్రత్యేకమైన దంతం పొదిగిన పెట్టెలు, బీరువాలు, కుర్చీలు ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు కంపెనీ దొరల కోసం చేసినవి. వాటి మీద రాస్తుంటే మాత్రం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ లేకుండా గడవదు. వస్తువు ఎక్కడుంటే అక్కడికి పోవాలి, లైసెన్సు ఎంత చిరాకు పెట్టినా.

అలా వెతికేటప్పుడు ఈనాటి ఊరి పేరు కొడితే సగం కూడా రావు. ఇంగ్లిష్ వాళ్ల కాలపు "వైజాగపటం" (Vizagapatam) స్పెల్లింగుతో, అలాగే వాల్తేరు (Waltair), బిమ్లీపటం (Bimlipatam) పేర్లతో విడివిడిగా వెతకండి.

పిక్సెళ్ల లెక్క ఒకటి. అచ్చులో 15 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మ రావాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున, దాదాపు 1,770 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో చూస్తే తెలిసిపోతుంది. 600 పిక్సెళ్ల బొమ్మని సాగదీసి పెట్టి, డీటీపీ చేసినాయన్ని తిడితే లాభం లేదు.

మన దేశపు పోర్టళ్లు, చందా సేకరణలు

సంస్కృతి మంత్రిత్వ శాఖ వారి ఇండియన్ కల్చర్ పోర్టల్లో అరుదైన పుస్తకాలు, మ్యూజియం వస్తువులు, చిత్రాలు ఒకే వెతుకుడు పెట్టె కిందికి వచ్చాయి. మొదటి చూపుకి బాగుంటుంది. మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్ మనకి దగ్గరి చుట్టం. సాలార్ జంగ్ మ్యూజియం, నాగార్జునకొండలోని పురావస్తు మ్యూజియం రెండూ అందులో ఉన్నాయి. ఆంధ్ర బౌద్ధ శిల్పం మీద పనిచేస్తూ లండన్, న్యూయార్క్ దాకా వెళ్లి నాగార్జునకొండని వదిలేసే థీసిస్‌లు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. అయితే ఈ పోర్టల్‌ని వస్తువు ఉనికి, వివరాలు పట్టుకోవడానికి వాడండి. అచ్చుకి తీసుకునే ముందు సైజు, షరతులు చూసుకోండి. అవసరమైతే మ్యూజియంకే ఉత్తరం రాయండి. పాత రికార్డులు, ఉత్తర ప్రత్యుత్తరాలు కావాలంటే నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ దారి వేరు. అక్కడ బొమ్మల కంటే కాగితాలు ఎక్కువ.

గుళ్ల మీద పనిచేసేవాళ్లు అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి ఫోటో ఆర్కైవ్‌ని తప్పక చూడాలి. గురుగ్రామ్‌లో ఉన్న వాళ్ల కళా పురావస్తు కేంద్రం దశాబ్దాలుగా ఒక్కో గుడినీ పద్ధతిగా ఫోటో తీయించింది. అదే గుడి టూరిస్టు ఫోటోలో గోపురం ఒకటే కనబడుతుంది. ఇక్కడ అధిష్ఠానం (గుడి పీఠం), కోష్ఠాలు (గోడలోని గూళ్లు), ద్వారబంధం దేనికది విడిగా ఉంటుంది. వాస్తు మీద రాసేవాడికి కావలసింది అదే. షికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలోనూ ఈ ఫోటోలు ఉన్నాయి.

కళాచిత్రాల చందా సేకరణ ఆర్ట్‌స్టోర్ పేరు పాత నోట్సుల్లో, వర్క్‌షాప్ పీపీటీల్లో ఇంకా కనబడుతుంది. ఆ సైటు 2024 ఆగస్టు 1తో మూతపడింది, బొమ్మలన్నీ పరిశోధన పత్రికల సైటు జేస్టోర్‌లోకి మారాయి. మీ సంస్థకి చందా ఉంటే అన్నీ తెరుచుకుంటాయి, లేకపోతే అందరికీ తెరిచిన భాగం మాత్రమే. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ చందా పథకం 2025 జనవరి నుంచి ప్రభుత్వ సంస్థలకి వచ్చింది కదా అని అన్నీ దొరుకుతాయని అనుకోకండి. అది ప్రధానంగా పరిశోధన పత్రికల కోసం. ఏయూ వాళ్లైతే వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో, మిగతావాళ్లు మీ మీ లైబ్రేరియన్ దగ్గర ఒక మాట అడగండి. సొంత డబ్బు పెట్టి చందా కట్టమని మాత్రం నేను చెప్పను. పైన చెప్పిన ఉచిత సేకరణలతో మనలో చాలామందికి పని అయిపోతుంది.

మన ఊరి బొమ్మలు

అసలు తిప్పలన్నీ ఇక్కడే. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, భీమిలి డచ్చి సమాధులు, ఎర్రమట్టి దిబ్బలు కావాలంటే పెద్ద మ్యూజియంలలో దొరికేది తక్కువ. చేతికందేది వికీమీడియా కామన్స్. 2004లో మొదలైంది, పది కోట్ల ఫైళ్లు దాటింది, ఎక్కువ భాగం పేరు చెప్పి అచ్చేసుకోవచ్చు. ఉచితం అన్న విషయంలో దీనికి సాటి లేదు. నమ్మకం విషయంలో మాత్రం ఒక మెట్టు కిందే. ఎక్కించినవాళ్లు ఏ పేరు పెడితే ఆ పేరే. తొట్లకొండ, బావికొండ రెండూ సముద్రం పక్కన కొండమీద స్తూపాలే, చూడనివాళ్లకి ఒకటిలాగే ఉంటాయి. ఫైలు పేజీలో కెమెరా అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయేమో చూసి మ్యాప్ మీద సరిపోల్చండి. లేకపోతే, నిజం చెప్పాలంటే, బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వైపు వెళ్లి మీరే ఒక ఫోటో తీసుకోవడం తేలిక. విశాఖలో ఉన్న పరిశోధకుడికి ఉన్న సౌకర్యం అది, లండన్ వాడికి లేదు.

మీరు తీసిన ఫోటో కామన్స్‌లో పెట్టాలన్నా, పుస్తకంలో వేయాలన్నా ఒక మెలిక గుర్తుంచుకోండి. బయట జనం తిరిగే చోట శాశ్వతంగా ఉన్న విగ్రహాలు, కట్టడాల ఫోటోలు తీసి వేసుకోవడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. గోడల మీది పెయింటింగులకి ఆ వీలు లేదు. బీచ్ రోడ్డులో శిల్పం ముందు నిలబడి తీసినది వేసుకోవచ్చు, పక్క గోడ మీది కొత్త పెయింటింగ్‌ని వేయాలంటే ఆ చిత్రకారుణ్ణి అడగాలి.

బొజ్జన్నకొండ విషయంలో పాత ఫోటోలకి ఒక మంచి గని ఉంది. పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపి రాసిన నివేదిక భారత పురావస్తు శాఖ 1907–08 వార్షిక సంచికలో వచ్చింది. ప్రభుత్వ ప్రచురణకి 60 ఏళ్ల హక్కు ఎప్పుడో తీరిపోయింది. ఇలాంటి పాత సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. అయితే ఒకే పుస్తకానికి రెండు మూడు స్కాన్లు ఉంటే ఏది ముందు కనబడితే అది దించుకోకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన చాలా స్కాన్లు పచ్చి నలుపు తెలుపు. అక్షరాలు చదవడానికి బానే ఉంటాయి, ఫోటో ప్లేట్లు మాత్రం మసిబారిన మచ్చల్లా వస్తాయి. స్తూపమేదో చెట్టేదో తెలీదు. విదేశీ విశ్వవిద్యాలయాల లైబ్రరీలు చేయించిన రంగుల స్కాన్ ఉందేమో కిందికి దిగి వెతకండి. రెండు నిమిషాల పని.

వాట్సాప్‌లో తిరిగే "పాత వైజాగ్" ఫోటోల గురించి కూడా చెప్పాలి. డాల్ఫిన్స్ నోస్, పాత పోర్టు, వన్ టౌన్ వీధులు అని వస్తుంటాయి. కొన్ని అసలైనవే. కొన్నిటికి ఎవరో రంగులు అద్దారు. ఈ మధ్య కృత్రిమ మేధ తయారుచేసినవీ కలుస్తున్నాయి. గ్రూపులో పంచుకుని ముచ్చటపడండి, తప్పులేదు. స్లయిడ్ మీదికి ఎక్కించే ముందు గూగుల్ లెన్స్‌లో గానీ టిన్‌ఐలో గానీ వేసి మూలం పట్టుకోండి. మూలం దొరక్కపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

బ్రిటిష్ పాలన కాలపు ఇండియా ఆఫీసు ఫోటోలు, సర్వేయర్ కాలిన్ మెకంజీ అమరావతిలో గీయించిన బొమ్మలు బ్రిటిష్ లైబ్రరీవి. అక్కడి సేకరణ అమూల్యం. కానీ 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి స్తంభించాయి. లింకులు మాత్రమే రాసిపెట్టుకున్నవాళ్ల నోట్సు ఖాళీ అయిపోయింది. 2013లో అదే లైబ్రరీ పాత పుస్తకాల నుంచి పది లక్షలకు పైగా బొమ్మలు ఫ్లికర్‌లో పెట్టింది. అది వేరే సర్వర్ల మీద ఉంది కాబట్టి, పాత పుస్తకాల బొమ్మలకి ముందు అక్కడ చూడటం ఇప్పటికీ మంచి అలవాటే.

ఉపగ్రహ చిత్రాలు

జాగ్రఫీ, పర్యావరణం వాళ్లు "ఏది ఎక్కువ స్పష్టం" అని మొదలుపెడతారు. ముందు అడగాల్సింది ఏ తేదీ అని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కైలాసగిరి, సింహాచలం కొండల మీద పచ్చదనం ఊడ్చేసింది. దానికి ముందూ వెనకా పోల్చాలనుకుంటే చాలామంది యూరప్ వాళ్ల సెంటినెల్-2 వైపు చూస్తారు, 10 మీటర్ల స్పష్టత (ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లు) కాబట్టి. కానీ సెంటినెల్-2 మొదటి ఉపగ్రహం పైకి వెళ్లిందే 2015 జూన్‌లో. అప్పటికి ఆకాశంలో ఉన్నది 2013లో ఎగిరిన అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్-8. స్పష్టత 30 మీటర్లే, 16 రోజులకోసారే వస్తుంది. అయినా హుద్‌హుద్‌కి దాన్నే వాడాలి. ఆ రోజుల్లో మబ్బులు కమ్మి ఉంటాయి కాబట్టి మబ్బు శాతం చూసి తేదీని ఎంచుకోండి.

ఆర్‌కే బీచ్ కోత మీద పని చేస్తున్నారా? అప్పుడు ల్యాండ్‌శాట్ వరసలోనే ఇంకా పాత ఉపగ్రహాలు కావాలి. ఔటర్ హార్బర్ 1976లో వచ్చింది, ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచే ఉన్నాయి. హార్బర్ రాకముందు తీరం ఎలా ఉందో చూపించగల ఉచిత ఉపగ్రహ సేకరణ అది. తొలినాళ్ల చిత్రాలు ముతకగా, దాదాపు 80 మీటర్ల స్పష్టతతో ఉంటాయి. పది మీటర్ల కోత అందులో కనబడదు, దాన్నుంచి లాగి చెప్పకండి. 2008 నుంచి ఇవన్నీ ఉచితం. గత పదేళ్ల మార్పులకైతే సెంటినెల్-2 ముందు నిలుస్తుంది. హైదరాబాద్ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వారి పటాల పోర్టల్ భువన్‌ని భూ వినియోగం లాంటి విషయ పటాలకి వాడుకోండి. గూగుల్ ఎర్త్‌లో సంవత్సరాల స్లయిడరు జరిపి చూపిస్తే క్లాసులో పిల్లలు నోరు తెరుచుకు చూస్తారు. పరిశోధనలో లెక్కలు కట్టడానికి మాత్రం అది పనికిరాదు.

ధ్వనుల సంగతి రెండు ముక్కల్లో. కంబాలకొండ పక్షుల కూతలకి జెనో-కాంటో సైటు తీసుకోండి, ఒక్కో రికార్డింగు పక్కనే లైసెన్సు రాసి ఉంటుంది. కార్నెల్ వారి మెకాలే లైబ్రరీ వినడానికి, పోల్చడానికి గొప్పది, వాడకానికి షరతులెక్కువ. జానపద సంగీతం మీద చేసేవాళ్లు గురుగ్రామ్‌లోని ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్‌కి నేరుగా రాయాలి.

దించుకున్నాక

ఏ సేకరణైనా సరే, బొమ్మతో పాటు దాని వివరాల పేజీని కూడా పీడీఎఫ్‌గా అదే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఫైలు పేరులో మ్యూజియం, నంబరు ఉండాలి. "ఇమేజ్ 1 ఫైనల్ కొత్తది" అని ఉంటే మూడేళ్ల తర్వాత దేవుడే దిక్కు. వందల్లో ఉంటే ట్రోపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పరిశోధకులు తీసుకున్న ఫోటోలని వివరాలతో సహా సర్దుకోవడానికే చేసినది. ఒకే శిల్పం మీది రెండు మ్యూజియంల చిత్రాలు పక్కపక్కన పెట్టి జూమ్ చేయాలంటే ట్రిపుల్ ఐ ఎఫ్ (IIIF, వేర్వేరు సంస్థల బొమ్మలని ఒకే చోట తెరవనిచ్చే ప్రమాణం) గుర్తు ఉన్న సేకరణలు ఎంచుకుని మిరాడోర్ అనే వ్యూయర్‌లో తెరవండి. డౌన్‌లోడ్ బెడద ఉండదు.

తోటివాళ్లకి బొమ్మలు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి. సైజు కుదించేస్తుంది, లోపలి తేదీ, స్థలం వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. గైడ్ గారికి పంపేటప్పుడు మరీ ముఖ్యం. ఆయన ఫోన్లో చూసి "మసకగా ఉంది, మార్చు" అంటే మళ్లీ మొదటికొస్తుంది పని.